సర్వర్ ఆయుష్షు: మెటా లెక్క, అమెజాన్ లెక్క

కృత్రిమ మేధ మీద కోట్లు కుమ్మరిస్తున్న కంపెనీల లాభాలు చూసి మురిసిపోయే ముందు తరుగుదల పద్దు చూడాలి. సర్వర్ ధరను అది పనిచేస్తుందనుకున్న ఏళ్లకు పంచి ఖర్చు రాస్తారు. ఏళ్లు పెంచితే ఏటా ఖర్చు తగ్గి, లాభం పెరుగుతుంది. పెట్టెలోకి కొత్తగా ఒక్క డాలరు రాకపోయినా సరే!

2025 జనవరి నుంచి వర్తించేలా రెండు దిగ్గజాలు ఎదురెదురు దారులు పట్టాయి. మెటా తన సర్వర్లలో అధిక భాగానికి ఆయుష్షును ఐదున్నరేళ్లకు పెంచింది. దీనితో ఆ ఏడాది తరుగుదల సుమారు 290 కోట్ల డాలర్లు తగ్గుతుందని తానే అంచనా వేసింది. అమెజాన్ కొన్ని సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలకు ఆరేళ్లను ఐదుకు కుదించింది. కృత్రిమ మేధలో సాంకేతికత వేగంగా మారుతోందన్నది అది చెప్పిన కారణం. నిర్వహణ లాభంలో దాదాపు 70 కోట్ల డాలర్ల కోతకూ సిద్ధపడింది.

అలాగని అమెజాన్ సత్యహరిశ్చంద్రుడేమీ కాదు. ఏడాది ముందే అది ఐదేళ్లను ఆరు చేసింది.

రెండూ అకౌంటింగ్ నిబంధనలు అనుమతించే అంచనాలే. సర్వర్లలోని పాత చిప్పులను తేలిక పనులకు వాడుకోవచ్చు కాబట్టి మెటా లెక్కను కొట్టిపారేయలేం. కానీ ఈ చిప్పులు తయారుచేసే ఎన్‌విడియా ఏటా కొత్త చిప్పు తెస్తానంటున్నప్పుడు అమెజాన్ జాగ్రత్తే నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది. గడువుకు ముందే సర్వర్లను పక్కన పెట్టాల్సి వస్తే, మిగిలిన విలువను మెటా ఒక్కసారిగా నష్టం కింద రాసుకోవాలి.