‘కైండ్ ఆఫ్ బ్లూ’ కొనేముందు మొదటి వైపు శ్రుతి చూసుకోండి

అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మంచి రికార్డా అని ఎవరూ అడగరు. అడగాల్సింది ఏ కాపీ అని. 1959లో వచ్చిన దగ్గర్నుంచి మూడు దశాబ్దాలకు పైగా అమ్ముడైన కాపీల్లో మొదటి వైపు మూడు పాటలూ అసలు వాయించిన శ్రుతి కంటే పైన ఉన్నాయి.

కారణం చిన్నదే. 1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రెండు టేప్ మెషిన్లు ఒకేసారి తిరిగాయి. ఒకటి మాస్టర్‌కి, అంటే కాపీలు తీసే అసలు టేపుకి, రెండోది దానికేమైనా అయితే పనికొస్తుందని. ఆ రోజు మాస్టర్ మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును మామూలు వేగంతో వేస్తే పాట వేగమూ, శ్రుతీ రెండూ పెరుగుతాయి. ఏప్రిల్ 22న జరిగిన రెండో రికార్డింగ్‌లో ఈ తేడా లేదు, అందుకే రెండో వైపు బాగానే ఉంది. 1992లో ఇంజనీర్లు రెండో టేపు తీసి చూశాక సంగతి బయటపడింది. ఆ తర్వాత సరిచేసిన కాపీలు వచ్చాయి. 1997 నాటి కొలంబియా సీడీ వాటిలో ఒకటి.

మీ దగ్గరున్న కాపీ ఏదో తేల్చుకోవడానికి శ్రుతిపెట్టె చాలు. ‘సో వాట్’ డి నుంచి నడుస్తుంది, అంటే రెండు శ్రుతి. శ్రుతిపెట్టె రెండులో పెట్టి పాల్ ఛేంబర్స్ బేస్ (మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం) మీద ఎత్తుకునే పల్లవి వినండి. కలిసిపోతే సరిచేసిన కాపీ. హార్మోనియం మీద రెండుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో వేలాడితే పాతది. కానీ అక్కడే రికార్డుని తప్పుపట్టకండి. తిప్పి ‘ఆల్ బ్లూస్’ వేయండి, శ్రుతిపెట్టె ఐదుకి మార్చండి. అదీ పైకి పోతుంటే లోపం మీ టర్న్‌టేబుల్ వేగంలో ఉంది. ముందు దాన్ని నిమిషానికి 33⅓ చుట్లకు సరిచేసుకోండి. రెండో వైపు కలిసి మొదటి వైపు మాత్రమే కలవకపోతే తప్పు కాపీదే.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ‘సో వాట్’లో స్వరాలు వెంటనే తెలుస్తాయి. ఖరహరప్రియ మెట్లే. 16 బార్లు (మన ఆవర్తాల్లాంటి లెక్క) డి మీద, 8 బార్లు అరమెట్టు పైన ఇ ఫ్లాట్ మీద, మళ్లీ 8 బార్లు డి మీద. మన కచేరీలో శ్రుతి మధ్యలో ఇలా జరగదు, అందుకే ఆ మార్పు దగ్గర చెవి ఉలిక్కిపడుతుంది. అయితే ‘చక్కని రాజ’ గమకాలు మనసులో పెట్టుకుని వినకండి. స్వరాలు అవే, రాగం కాదు. ఇక్కడ అందం స్వరాల మధ్య వదిలిన ఖాళీలో ఉంది, ముఖ్యంగా మైల్స్ సోలోలో. ఆ సోలో మొదలయ్యే క్షణాన డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ కొట్టిన సింబల్ (కంచు పళ్లెం) మోగి, మెల్లగా సన్నబడి గదిలో కలిసిపోతుంది. మంచి ప్రెస్సింగ్‌లో ఆ మోత చివరిదాకా వినిపిస్తుంది. ఈ ఒక్కచోటు విని కాపీ మీద తీర్పు చెప్పొచ్చు.

‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ అచ్చమైన 12 బార్ల బ్లూస్. పియానో దగ్గర బిల్ ఎవాన్స్ బదులు వింటన్ కెల్లీ ఉన్నది ఈ ఒక్క పాటలోనే. బ్లూస్ నుంచి జాజ్‌కి వచ్చేవాళ్లు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి. సాక్సోఫోన్ వాయించే ఇద్దరిలో స్టీరియోలో జాన్ కోల్ట్రేన్ ఎడమవైపు, క్యానన్‌బాల్ యాడర్లీ కుడివైపు. అటూ ఇటూ మారితే మీ వైర్లు తారుమారయ్యాయి.

మొదటి వైపు దాదాపు 25 నిమిషాలు, ఎల్‌పీకి ఎక్కువే. దాని చివర, గాడి లేబుల్‌కి దగ్గరయ్యే చోట ‘బ్లూ ఇన్ గ్రీన్’ ఉంది. అందులో మైల్స్ ట్రంపెట్ వెడల్పు చివరన హార్మన్ మ్యూట్ (నాదాన్ని సన్నబరిచే మూత) బిగించి వాయించాడు. ఆ సన్నటి పదునైన నాదాన్ని లోపలి గాడిలో అరిగిన ముల్లు మోయలేదు. శబ్దం జీరపోయి చిట్లుతుంది. రికార్డు పాడైందనుకునే ముందు ముల్లు శుభ్రం చేయండి, అది గాడి మీద మోపే బరువు కొలవండి. చాలా మామూలు కార్ట్రిడ్జ్‌లకు (ముల్లు బిగించి ఉండే భాగం) 2 గ్రాముల దగ్గర ఉంటుంది, మీ కంపెనీ చెప్పిన అంకె చూసుకోండి. గాడి అరుగుతుందేమోనని బరువు తగ్గించేవాళ్లున్నారు. తగ్గిస్తే ముల్లు గాడిలో నిలబడక ఎగిరి గోడల్ని ఇంకా ఎక్కువ చెక్కుతుంది.

ఇక ధర. యూరప్‌లో ఈ రికార్డింగ్ మీద హక్కులు ముగిశాయి, కాబట్టి ఎవరైనా అచ్చువేయొచ్చు. రంగురంగుల వినైల్‌లో చవగ్గా దొరికే కాపీల్లో చాలావాటి మీద ఏ టేపు నుంచి తీశారన్న మాటే ఉండదు. వాటికి డబ్బు పెట్టడం దండగ. కొలంబియా లేదా లెగసీ పేరు, స్పీడ్ సరిచేశామన్న ప్రస్తావన రెండూ కవరు మీద ఉంటేనే తీసుకోండి. బాగా పాత కాపీల్లో ‘ఆల్ బ్లూస్’, ‘ఫ్లమెంకో స్కెచెస్’ పేర్లు తారుమారుగా అచ్చయ్యాయి. అది సేకరించేవాళ్లకు ముచ్చట, వినేవాళ్లకు దానివల్ల లాభమేమీ లేదు.

టర్న్‌టేబుల్ లేనివాళ్లకు 1997 సీడీయే సరైన కొనుగోలు. చివర్లో ‘ఫ్లమెంకో స్కెచెస్’ ఇంకో టేక్ కూడా ఉంది. ఆ పాటలో ఐదు స్కేళ్లు (స్వరాల వరసలు), ఒక్కోదాంట్లో ఎంతసేపు ఉండాలన్నది వాయించేవాడి ఇష్టం. రెండు టేకులూ వెంటవెంటనే వేసి, కోల్ట్రేన్ ఏ స్కేలు దగ్గర ఎంతసేపు నిలిచాడో లెక్కపెట్టుకుంటూ వినండి.