ముందు అద్దం ఉన్న కంప్యూటర్ కేబినెట్: 4,200 పెట్టి కొన్న కుంపటి

పోయిన డిసెంబర్‌లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లోని ఒక షాపులో ఈ కేబినెట్ తీసుకున్నాను. 4,200 రూపాయలు. ముందంతా అద్దం, పక్కన అద్దం, ముందు రంగులు మారే ఫ్యాన్లు మూడు, వెనక ఒకటి. చూడ్డానికి పెళ్లి మండపంలా ఉంటుంది, ఆ విషయంలో వంక పెట్టను. చలికాలం కదా, మార్చి దాకా నాకేమీ తేడా తెలియలేదు.

మాది టాప్ ఫ్లోర్. మే నెలలో మధ్యాహ్నం గది 36 డిగ్రీలు. లోపల ఉన్నది ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, దాంతో పాటు వచ్చిన కూలరే, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. అరగంట గేమ్ ఆడితే కార్డు 85, ప్రాసెసర్ 90 దాటి, ఫ్యాన్లు పాత మిక్సీలా అరుపు. ఇంటెల్ ఈ ప్రాసెసర్‌కి 100 దాకా, ఎన్విడియా ఈ కార్డుకి 93 దాకా పరిమితి ఇచ్చాయి కాబట్టి కాలిపోతుందన్న భయం లేదు కానీ, పక్కన కూర్చోవాల్సింది మనమే కదా. షాపుకి ఫోన్ చేస్తే "ఎండాకాలం అంతే సార్, ఇంకో రెండు ఫ్యాన్లు పైన వేయించుకోండి, సెట్ అయిపోద్ది" అన్నాడు. అన్నా, ఉన్న నాలుగింటికే గాలి అందట్లేదు, ఇంకో రెండు ఏం తాగుతాయి?

మీరు కూడా ఫ్యాన్లు కొనే ముందు ఒక పని చేయండి, పైసా ఖర్చు లేదు. పక్క అద్దం పూర్తిగా తీసేసి అదే గేమ్ అరగంట ఆడండి. రెండు మూడు డిగ్రీలే తగ్గితే కేబినెట్ తప్పు లేదు, దుమ్మో, థర్మల్ పేస్టో (చిప్పు వేడిని కూలర్‌కి అందించే పూత) చూసుకోవాలి. నాకు కార్డు 85 నుంచి 73కి దిగింది. అంటే కార్డు బాగానే ఉంది, డబ్బా దానికి ఊపిరాడనివ్వట్లేదు.

తర్వాత అమ్మ పూజ గదిలోంచి అగరుబత్తి తెచ్చి, అద్దం మళ్లీ బిగించి, ముందు పక్క పెట్టాను. ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతున్నాయి (తగ్గించే వీల్లేదు, మూడూ నేరుగా పవర్ సప్లైకి తగిలించి ఉన్నాయి), పొగ మాత్రం అద్దం మీద పాకుతూ తీరిగ్గా పైకి పోతోంది. కుడి అంచున చిటికెన వేలు కూడా పట్టని సందు ఉంది, అక్కడ మాత్రమే కొంచెం లోపలికి లాగింది. ఇంకా ఘోరం, పై అంచు దగ్గర పొగ బయటికి తన్నింది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మూడు ఫ్యాన్లలో పైదాన్ని షాపువాడు తిరగేసి బిగించాడు, అది లోపలి వేడిని తెచ్చి అద్దం వెనక పోస్తోంది, కింద రెండూ అదే వేడిని మళ్లీ లోపలికి తోస్తున్నాయి. మామూలు ఫ్యాన్‌లో మోటర్‌ని పట్టుకునే పుల్లలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకి పోతుంది. అమ్మ తొంగి చూసి, "ఏంట్రా, కంప్యూటర్‌కి ధూపం వేస్తున్నావా?" అంది.

కార్డు ఒక్కటే 170 వాట్లు తింటుంది, ప్రాసెసర్ ఇంకో అరవై డెబ్బై. అదంతా వేడిగా బయటికి రావాల్సిందే. గదే 36 ఉన్నప్పుడు గాలితో చల్లబడేది ఏదీ 36 కంటే కిందికి దిగదు, కాబట్టి మన చేతిలో ఉన్నది ఆ వేడి ఎంత తొందరగా బయటపడుతుందన్నదే.

చివరికి ముందు అద్దం నాలుగు స్క్రూలు విప్పి తీసేశాను. దాని జాగాలో కిటికీలకి వేసే దోమల మెష్ కత్తిరించి, అయస్కాంతం పట్టీతో అంటించాను, 150 రూపాయలైంది. రంగుల ఫ్యాన్లు పీకేసి ఆర్కిటిక్ పీ12 ఫ్యాన్లు రెండు ముందు పెట్టి మదర్‌బోర్డుకి తగిలించాను, ఇప్పుడు వేడిని బట్టి స్పీడు మారుతోంది, మామూలు పనిలో అసలు వినపడవు. వెనక ఫ్యాన్ అలాగే బయటికి. డబ్బాని కంప్యూటర్ టేబుల్ అరలోంచి బయటికి లాగాను, ఆ అర మూడు వైపులా మూసి ఉంటుంది, అందులో పెడితే ఏ కేబినెట్టయినా ఉడుకుతుంది. పక్క అద్దం బిగించే ఉంచి, అదే గది, అదే గేమ్: కార్డు 74, ప్రాసెసర్ 79. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ (తినే కరెంటు పరిమితి) 80 శాతానికి దించితే కార్డు ఇంకో ఐదు తగ్గింది, పోయింది సెకనుకి నాలుగైదు ఫ్రేములు, నాకైతే కంటికి తేడా తెలియలేదు.

స్క్రూలు, పెయింటు, కేబుళ్లు సర్దుకునే చోటు, అన్నీ ఈ ధరకి బాగానే ఉన్నాయి. ఏసీ గదిలో ఎక్సెల్, యూట్యూబ్ వరకే అయితే అద్దం ఉంచుకుని కొనుక్కోండి. గేమ్స్, ఎడిటింగ్ అయితే ఇదే ధరలో ముందు జాలీ ఉన్నది అడగండి, షాపువాడు "లుక్ ఉండదు సార్" అంటాడు, అననివ్వండి. నేను ఇచ్చేది అయిదుకి రెండు. మెష్‌కి పదిహేను రోజులకే బూడిద రంగు పొర పడుతోంది, ఆదివారం తీసి కుళాయి కింద కడిగి, బాగా ఆరాక పెడుతున్నాను. అద్దం బీరువా వెనక ఉంది, దాన్ని అమ్మ ఇంకా పారేయనివ్వట్లేదు.