మిర్చి కమీషన్ కొట్టుకు గూగుల్ షీట్స్: ఎంతవరకు నమ్మొచ్చు

గుంటూరు మిర్చి యార్డులో ఒక లాటు అమ్ముడయ్యేలోపు దాని లెక్క నాలుగు చోట్ల పడుతుంది. కాటా దగ్గర చీటీ, కొట్లో పుస్తకం, కోల్డ్ స్టోరేజీలో రిజిస్టరు, ఆడిటర్ దగ్గర ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్. సీజన్ జోరులో ఈ నాలుగూ ఏ సాయంత్రమూ ఒక పట్టాన కలవవు. ఎక్సెల్ ఫైలును వాట్సాప్‌లో పంపుకునే కొట్లలో ఇంకో చిక్కు. పొద్దున వచ్చిన ఫైలులో గుమాస్తా ఒక అంకె దిద్దుతాడు, అదే ఫైలులో గిడ్డంగి మనిషి ఇంకో వరుస కలుపుతాడు. చీకటిపడేసరికి ఒకే పేరుతో రెండు ఫైళ్లు, రెండూ సగం సగం సరైనవే.

నెట్‌లో నడిచే గూగుల్ వారి లెక్కల పట్టిక, గూగుల్ షీట్స్, తీర్చేది ఈ బాధనే, బాగా తీరుస్తుంది. ఇందులో ఫైలు ఎవరి దగ్గరికీ వెళ్లదు, ఒక్కచోటే ఉంటుంది. మీరు గడిలో కొట్టిన మార్పు మాత్రమే సర్వరుకు చేరి, అక్కడ వరుసలో పడి, తెరిచి ఉన్న మిగతా స్క్రీన్ల మీద క్షణాల్లో కనిపిస్తుంది. ఇద్దరు వేర్వేరు గడుల్లో రాస్తే పేచీ లేదు. ఒకే గడిలో రాస్తే వెనక వచ్చిందే నిలుస్తుంది, కాబట్టి ఏ కాలమ్ ఎవరిదో ముందే పంచుకోవాలి. 2006లో మొదలైన ఈ సర్వీసులో లెక్కలు చేసే భాగాన్ని 2024లో జావాస్క్రిప్ట్ నుంచి, బ్రౌజరులో ఇంకా వేగంగా నడిచే వెబ్‌అసెంబ్లీకి మార్చారు. క్రోమ్‌లో లెక్కల వేగం రెట్టింపయిందని గూగుల్ ప్రకటించింది. అయితే విండోస్ 7 కంప్యూటర్లలో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, ఆ వేగం వాటికి అందదు. కొట్లో పాత కంప్యూటరు ఉంటే ముందు దాని సంగతి చూడండి.

షీటు తెరవగానే చేయాల్సిన మొదటి పని, చాలామంది చేయనిది, లొకేల్ మార్చడం, అంటే తేదీలూ అంకెలూ ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పడం. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్లి ఇండియా ఎంచుకోవాలి. అమెరికా లొకేల్‌లో వదిలేస్తే 05/02 అని కొట్టిన ఫిబ్రవరి 5 కాస్తా మే 2 అవుతుంది. 25/02 అసలు తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాలుగా మిగులుతుంది. గుర్తుపట్టడం తేలిక: తేదీగా తీసుకున్నది గడిలో కుడివైపుకు, తీసుకోనిది ఎడమవైపుకు జరుగుతుంది. మార్చిలో మేలుకుంటే నెల రోజుల వరుసలు చేత్తో దిద్దుకోవాలి.

రెండోది రకం పేరు. తేజ, తేజా, తేజ మిర్చి అని ఎవరికి తోచినట్టు వాళ్లు కొడితే మొత్తాలు మూడు ముక్కలవుతాయి. డేటా మెనూలో డ్రాప్‌డౌన్ పెట్టి తేజ, బాడిగ, 341, 334, ఆర్మూర్, తాలు (రంగు పోయిన నాసి కాయ) అని మీరు అమ్మే రకాలే ఇవ్వండి, లిస్టులో లేనిది తీసుకోకుండా బిగించండి. ఇంత చేసినా, వేరే చోట కాపీ చేసి మామూలుగా పేస్ట్ చేస్తే డ్రాప్‌డౌన్ చెరిగిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే విలువ మాత్రమే దిగుతుంది, డ్రాప్‌డౌన్ నిలుస్తుంది. గుమాస్తాకు ముందు నేర్పాల్సింది ఈ మూడు మీటలే.

అన్నిటికంటే విలువైనది ఒక చిన్న కాలమ్: బరువును టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్యతో భాగించి సగటు చూపేది. 60 టిక్కీలు 2,610 కిలోలు తూగితే సగటు 43.5. హడావుడిలో 2,160 అని పడితే సగటు 36కు పడిపోతుంది. 38 కంటే తక్కువ, 50 కంటే ఎక్కువ వస్తే గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకుంటే తప్పు అప్పటికప్పుడే కనబడుతుంది. క్వింటా 12,000 అనుకున్నా ఆ ఒక్క తప్పు విలువ 54,000 రూపాయలు. అది రైతు సొమ్ము. ఈ ఒక్క కాలమ్ కోసమైనా షీట్స్‌లోకి మారొచ్చు.

కాటా దగ్గర ఫోన్‌లో షీటు నింపమనకండి. చిన్న గడుల్లో వేలు పక్క వరుస మీద పడుతుంది. దానికి గూగుల్ ఫామ్ పెట్టి లాటు నంబరు, రకం, టిక్కీలు, బరువు అడిగితే చాలు. ఒక కిటుకు ఉంది. ఫామ్‌లో వచ్చిన ప్రతి జవాబుకూ కొత్త వరుస చేరుతుంది కాబట్టి, పక్కన కిందికి లాగి పెట్టిన ఫార్ములా దానికి అందదు. పై వరుసలో అరేఫార్ములా (కాలమ్ మొత్తానికీ వర్తించే ఫార్ములా) ఒక్కటి రాయండి, లేదా ఇంకో ట్యాబ్‌లోకి తెచ్చుకుని అక్కడ లెక్క కట్టండి. జవాబులు పడే కాలమ్‌ల జోలికి మాత్రం పోవద్దు.

అసలు దెబ్బ లాగిన్ల దగ్గర తగులుతుంది. కొట్టు మొత్తానికి ఒకే జీమెయిల్, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వెర్షన్ హిస్టరీలో ప్రతి మార్పూ ఒకే పేరు మీద కనిపిస్తుంది. ధర ఎవరు దిద్దారో తేలదు, అనుమానం అందరి మీదా పడుతుంది. మనిషికో ఖాతా ఇవ్వండి, ధర కాలమ్‌ను ప్రొటెక్ట్ రేంజ్‌లో పెట్టి యజమానికి మాత్రమే వదలండి. లింకు ఉన్న ఎవరైనా దిద్దవచ్చు అనే సెట్టింగు ఎప్పుడూ వద్దు. ట్యాబ్‌ను దాచడం తాళం వేయడం కాదు, చూసే అనుమతి ఉన్నవాళ్లు ఫైలు కాపీ చేసుకుంటే దాచినదీ తెరుచుకుంటుంది. కొనుగోలుదారుకు నిల్వలు చూపాలంటే వేరే ఫైలు చేసి, ఇంకో ఫైలులోంచి అంకెలు తెచ్చే ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాతో కావలసిన భాగం మాత్రం తెచ్చి, చూసే అనుమతి ఒక్కటే ఇవ్వాలి.

నెట్ పోయినా పని ఆగదు, కానీ ఆఫ్‌లైన్ అనుమతిని నెట్ ఉన్నప్పుడే క్రోమ్‌లో పెట్టుకోవాలి. ఉచిత ఖాతాకు 15 జీబీ వస్తుంది. వరుసలతో అది నిండదు, కాటా చీటీల ఫోటోలతో నిండుతుంది, నిండితే మెయిళ్లు రావడం ఆగిపోతుంది. ఫైలుకు కోటి గడులు పడతాయంటారు గానీ ఫార్ములాలు పెరిగే కొద్దీ అంతకు చాలా ముందే బరువెక్కుతుంది. సీజన్‌కో ఫైలు తెరవండి, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) మిగిలిన సరుకును కొత్త ఫైలులో ప్రారంభ నిల్వగా రాయండి.

ట్యాలీని తీసేయమని మాత్రం చెప్పను. మీది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే, సాఫ్ట్‌వేర్‌లో లెక్కల పుస్తకాలు రాసేటప్పుడు ఆడిట్ ట్రయల్ (ప్రతి మార్పు జాడ చెరగకుండా ఉంచే రికార్డు) తప్పనిసరి, 2023 ఏప్రిల్ 1 నుంచి అదే నియమం. షీట్స్ ఆ పనికి కాదు. సరుకు లెక్క ఇక్కడ, డబ్బు లెక్క అక్కడ.

వారానికోసారి ఎక్సెల్ రూపంలో ఒక కాపీ దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. గుమాస్తా పని మానేసిన రోజు కొట్టు తాళాలు తీసుకునేటప్పుడే షేర్ బటన్ నొక్కి అతని పేరూ తీసేయండి.