నకలు కత్తుల్లో ఏది మేలు: స్టెయిన్‌లెస్సా, కార్బన్ ఉక్కా, కమ్మరి చేతి పనా?

ఆయుధపూజ దగ్గరపడే కొద్దీ చెన్నైలోని తెలుగు మిత్రుల నుంచి నాకు ఒకే ప్రశ్న పదేపదే వస్తుంటుంది. పది పన్నెండు వేల లోపు చారిత్రక కత్తికి నకలు కొనాలంటే మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోవాలా, డెహ్రాడూన్ నుంచి కార్బన్ ఉక్కుది తెప్పించుకోవాలా, లేక లారీ కమాను పట్టీ ఇచ్చి కమ్మరి చేత చేయించుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారిలో చాలామందికి 1060, 1095, ఈఎన్ 45 వంటి ఉక్కు రకాల అంకెలు కంఠోపాఠమే కానీ, అలుగు (పిడి పోగా మిగిలిన పొడవాటి ఉక్కు భాగం) మందం పిడి దగ్గర ఎంత, మొన దగ్గర ఎంత అని విచారించినవారు అరుదు. నా దృష్టిలో మంచి నకలునీ చెడ్డ నకలునీ విడదీసేది ముఖ్యంగా ఈ తేడాయే.

యుద్ధానికి వాడిన పాత కత్తి చాలావరకు పొడవునా ఒకే మందంతో ఉండదు. పిడి దగ్గర వెన్ను (పదునుకు ఎదురు అంచు) ఐదారు మిల్లీమీటర్లో అంతకు మించో ఉండి, క్రమంగా సన్నబడుతూ మొన చేరేసరికి అందులో సగానికి, ఒక్కోసారి సగం కన్నా తక్కువకు వస్తుంది. అందువల్లనే మూడడుగుల తల్వార్ కిలోకు అటూ ఇటూగా తూగి, చేతిలో తేలిగ్గా తిరుగుతుంది. ఐరోపా మధ్యయుగపు ఒంటిచేతి కత్తులు కూడా ఎక్కువగా కిలో నుంచి కిలో మూడు వందల గ్రాముల మధ్యనే ఉంటాయి. నైట్లు మోయలేనంత బరువైన కత్తులు తిప్పేవారన్నది సినిమాలు నేర్పిన మాట. చౌక నకలుకు ఈ సన్నబడటం ఉండదు. ఐదు మిల్లీమీటర్ల రేకును కత్తి ఆకారంలో కోసి, వాదర (పదునుండే అంచు) వైపు కాస్త అరగదీసి, పిడి తగిలించేస్తారు. అలుగును పొడవునా పలచబరచాలంటే గంటల తరబడి సానపట్టాలి, లేదా కొలిమిలో సాగగొట్టాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది కనుక కోత కూడా అక్కడే పడుతుంది. ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు రాజప్రాసాదపు ఆయుధాలు ఉన్నాయి. వాటిని చూసేటప్పుడు పిడి నగిషీ మీద నుంచి దృష్టి మరల్చి, వీలైనంత వరకు వెన్ను వైపు నుంచి, పిడి నుంచి మొన దాకా చూపు సాగించి చూడండి. ఆ చూపు ఒకసారి అలవడితే అంగట్లో మోసపోవడం కష్టం.

ఆన్‌లైన్ అమ్మకాల చిత్రాలన్నీ అలుగును పక్కవాటుగానే చూపిస్తాయి, వెన్ను వైపు నుంచి తీసిన చిత్రం ఎక్కడా కనిపించదు. కనుక అమ్మేవారిని రెండే అడగాలి: మొత్తం బరువు ఎంత, పిడి దగ్గరా, నడిమధ్యా, మొనకు బెత్తెడు ఇవతలా వెన్ను మందం ఎంత. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి ఫొటో పంపమంటే, సరుకు మీద నమ్మకం ఉన్నవారు పంపుతారు, లేనివారు ఉక్కు గొప్పతనం గురించి మాట్లాడతారు. మూడు చోట్లా ఒకే అంకె వస్తే ధర ఎంత తగ్గించినా ఆ కత్తి నాకు అక్కర్లేదు. వేలి మీద నిలబెట్టి సమతూకం చూసే పద్ధతిని మాత్రం పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే పిడిని బరువైన ఇత్తడితో పోతపోసి, ముందుకు తూలే అలుగును సమతూకంగా ఉన్నట్టు భ్రమింపజేయడం సులువు. బరువు, మందం కలిపి చూస్తేనే నిజం బయటపడుతుంది.

ఇప్పుడు ఆ మూడింటి సంగతి. రెండు మూడు వేలకు దొరికే స్టెయిన్‌లెస్ కత్తి గోడ అలంకారానికి పుట్టింది. పొట్టి చాకులకు పనికొచ్చే 420, 440 రకాల స్టెయిన్‌లెస్‌ను మూడడుగుల అలుగుగా చేస్తే దెబ్బ తట్టుకునే గుణం సరిపోదు. గట్టిగా ఆడిస్తే పిడి మొదట్లో విరిగి, ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేము. అయితే దానికీ ఒక సుగుణం ఉంది. బీసెంట్ నగర్‌లో సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవారు, నెలనెలా తుడిచి నూనె రాసే ఓపిక లేనివారు, కత్తిని గోడ మీద నుంచి దించనే దించమనేవారు దాన్ని నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు.

నేను మొగ్గు చూపేది డెహ్రాడూన్ పనితనం వైపు. గూర్ఖా దళాలకు ఖుక్రీలు చేయడానికి 1943లో మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ వంటి సంస్థల వల్ల ఆ ఊళ్లో కత్తుల పని తెలిసిన చేతులు తరాలుగా ఉన్నాయి, విదేశాలకు ఎగుమతి చేసే నకళ్లలో పెద్ద వాటా అక్కడిదే. కార్బన్ ఉక్కును కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, మళ్లీ సన్నటి వేడిలో కాచి పెళుసుతనం తగ్గించడం అక్కడ రోజువారీ పని. అలాగని పేరు చూసి కొనేయకూడదు. ఒకే కార్ఖానాలో ఒక నమూనా చక్కగా పలచబడి ఉంటే, దాని పక్కదే మొద్దు రేకులా ఉండవచ్చు. అందుకే నా వెర్నియర్ షరతు ఇక్కడా వర్తిస్తుంది.

పిడి విషయంలో ఒక అపోహ తొలగించాలి. అలుగు తోక (పిడి లోపలికి దిగే భాగం) పిడి చివరి దాకా సాగాలన్న సూత్రం ఐరోపా కత్తులకు సరైనదే. సన్నని మరకడ్డీని అలుగు మొదట్లో వెల్డింగ్ చేసి, పిడి చివర నట్టు బిగించిన కత్తిని ముట్టుకోకపోవడమే మంచిది. కానీ మన తల్వార్లలో తోక సాధారణంగా పొట్టిదే. బోలుగా ఉన్న ఇనుప పిడిలో కరిగించిన లక్క ముద్ద నింపి, వేడి చేసిన తోకను దానిలోకి దింపేవారు. శతాబ్దాలు గడిచినా ఆ అతుకు చాలా కత్తుల్లో చెక్కుచెదరలేదు. కాబట్టి తల్వార్ నకలుకు పొట్టి తోక ఉందని తిరస్కరించనవసరం లేదు. పిడిని ఒక చేత్తో బిగించి పట్టుకుని, అలుగు పక్కవాటును రెండో అరచేత్తో చిన్నగా కొట్టండి. గలగలమన్నా, పిడి లోపల సన్నగా కదిలినట్టు వేళ్లకు తెలిసినా తిరిగి ఇచ్చేయండి.

ఇక కమ్మరి. లారీ కమాను పట్టీ నిజానికి శ్రేష్ఠమైన స్ప్రింగ్ ఉక్కు, పైగా సుత్తి దెబ్బలతో సాగే అలుగు సహజంగానే పలచబడుతుంది కనుక, నేను పట్టుబట్టే గుణం ఈ దారిలోనే చవకగా రావాలి. ఆచరణలో రెండు అడ్డంకులున్నాయి. ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు. రెండోది, చిన్న కొలిమిలో మూడడుగుల అలుగు ఒకేసారి సమంగా కాలదు. జానెడు జానెడుగా కాల్చి ముంచితే ఒకచోట గట్టిగా, మరోచోట మెత్తగా తయారై వంకర తిరుగుతుంది. తిరుప్పాచ్చేత్తి ఊరి అరివాళ్ల (వంపు తిరిగిన నరుకుడు కత్తుల) పేరు తమిళనాడంతా తెలుసు, వాటి పనితనానికి వంక పెట్టలేము. కానీ అరివాళ్‌కు బరువు ముందుకు ఉండటమే అందం, కత్తికి అదే దోషం. అరివాళ్ కొట్టి అలవాటైన చేయి కత్తిని కూడా అలాగే కొడుతుంది. పొడవైన కొలిమి ఉన్నవాడు, మీరు పక్కన కూర్చుని కొలతలు చూస్తుంటే విసుక్కోనివాడు దొరికితే మాత్రం నేను మొదట చెప్పిన రెండింటినీ వదిలి అతని దగ్గరకే వెళ్తాను.

చౌక జపాన్ కటానాలు, కోడంబాక్కం షూటింగులకు చేసే అల్యూమినియం కత్తులు ఈ లెక్కలోకి రావు. తక్కువ ధరకు 'డమాస్కస్' (చారల ఉక్కు) అని అమ్మేవాటిలో చాలా వాటి చారలు ఆమ్లంతో పైపైన గీసినవే, సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దితే పోతాయి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి, పారశీక వర్తకులకు అమ్మిన ఉక్కుతో వాటికి చుట్టరికం లేదు.

కొనే ముందు చట్టాన్ని కూడా చూసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో కత్తులు, తొమ్మిది అంగుళాలు మించిన పొడవో రెండంగుళాలు మించిన వెడల్పో ఉన్న అలుగులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి, వ్యవసాయ పనులకే చేసినవాటిని పక్కన పెడితే, ఆటవస్తువుగా తప్ప పనికిరాని, పనికొచ్చేలా మార్చడానికి వీలులేని వాటికే మినహాయింపు కనుక, వాదర మొద్దుగా ఉన్నంత మాత్రాన సానపట్టదగిన కార్బన్ ఉక్కు కత్తి బొమ్మ అయిపోదు. డబ్బు కట్టక ముందే స్థానిక పోలీసు స్టేషన్‌లో అడిగి, రశీదు దాచుకుని, కత్తిని ఊరేగింపులకు తీసుకెళ్లకుండా ఉండటం మేలు.

కార్బన్ ఉక్కును ఎంచుకున్నవారు చెన్నై గాలిని మరవకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగటగా పేరుకుంటుంది. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కనుక, ఒరను పక్కన పెట్టి కత్తిని విడిగా ఉంచండి.