టెక్సాస్ దారా, ఆల్బెర్టా దారా? రామాయపట్నం తీరానికి ఏది మేలు?

కందుకూరు నుంచి సముద్రం వైపు వెళ్తుంటే ఇప్పుడు ఏ టీ అంగడి దగ్గర ఆగినా వినపడేవి రెండే మాటలు, రిఫైనరీ, సోలార్. రామాయపట్నం పోర్టు పక్కన భారత్ పెట్రోలియం రిఫైనరీకి 6 వేల ఎకరాలు. ఉలవపాడు మండలం కరేడులో సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీకి 8 వేల ఎకరాలకు పైగా ప్రతిపాదన. మా భూములు ఇచ్చేది లేదంటూ 2025 జూన్ 29న కరేడు జనం హైవే మీద బైఠాయించారు. అప్పటి నుంచి మా వాళ్లంతా నన్నడిగేది ఒకటే, "చమురు మేలా, సోలార్ మేలా?" అని. చమురు మీద బతుకుతూనే గాలికీ ఎండకూ చోటివ్వాల్సి వచ్చిన రెండు ప్రాంతాల సంగతి చూశాక, అడగాల్సిన ప్రశ్న అది కాదనిపించింది నాకు. ఏ భూమి, ఏ షరతు మీద అన్నదే అసలు ప్రశ్న.

మొదటిది టెక్సాస్. అమెరికాలో ముడి చమురు అందరికన్నా ఎక్కువ తీసే రాష్ట్రం. గాలి కరెంటులోనూ అదే మొదటిది. 1999లో అక్కడ గాలి, సోలార్ కరెంటుకు కోటా పెడుతూ వచ్చిన చట్టం మీద సంతకం చేసిన గవర్నర్ జార్జ్ బుష్, స్వయంగా చమురు వ్యాపారం చేసి వచ్చిన మనిషి. 2005లో ఇంకో చట్టం తెచ్చి, గాలి బాగా వీచే పడమటి బీళ్ల నుంచి నగరాలకు ముందుగా లైన్లు వేయాలని నిర్ణయించారు. సుమారు 5,800 కిలోమీటర్ల లైన్లు, దాదాపు 700 కోట్ల డాలర్ల ఖర్చు. ఆ భారం కరెంటు వాడేవాళ్లందరి మీదా పడింది, ఒక్క ఊరి మీద కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది భూమి సంగతి. అక్కడ ఉండే మా బావ ఒకసారి వీడియో కాల్‌లో చూపించాడు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద ఆవులు మేస్తున్నాయి, అదే పొలంలో ఓ మూల ఆయిల్ పంపు తల ఊపుతోంది. "పొలం ఆసామి పేరు మీదే ఉంది రా, ఫ్యాన్ల వాళ్లు ఏటా కౌలు కడతారు" అన్నాడు. 2021 ఫిబ్రవరి చలికి అక్కడ కరెంటు కుప్పకూలితే కొందరు నాయకులు తప్పంతా గాలిమరల మీదికి నెట్టారు. నిజానికి అన్నిటికన్నా ఎక్కువగా ఆగిపోయింది గ్యాస్ ప్లాంట్లే. 2025లో గాలి, సోలార్‌కు అడ్డుకట్ట వేసే బిల్లులు పెట్టినా అవి చట్టం కాలేదు. కౌలు అందుకుంటున్న ఆసాములు పల్లెపల్లెనా ఉంటే నాయకుల మాట అంత తేలిగ్గా సాగదు.

కెనడాలోని ఆల్బెర్టా ఇందుకు భిన్నంగా నడిచింది. 2023 ఆగస్టులో కొత్త గాలి, సోలార్ ప్రాజెక్టులకు అనుమతులు ఆపేసింది, సుమారు 7 నెలలు. తర్వాత కొత్త నిబంధనలు పెట్టింది. ఒకటో తరగతి, రెండో తరగతి సాగుభూముల్లో, అంటే అన్నిటికన్నా మంచి నేలల్లో, ఈ ప్రాజెక్టులు వద్దు, పంటో పశువులో పక్కనే సాగేట్టు చూపిస్తే తప్ప. ఎత్తేసేటప్పుడు నేలను బాగుచేయడానికి డబ్బు కూడా ముందే కట్టాలి. మంచి నిబంధనలే, నేను ఒప్పుకుంటాను. కానీ అదే ఆల్బెర్టాలో కంపెనీలు దివాలా తీసి వదిలేసిన చమురు బావులు రైతుల పొలాల్లో పూడ్చకుండా పడి ఉన్నాయి. నేల మీద అంత ప్రేమే ఉంటే ఆ పట్టుదల చమురు మీద కూడా చూపాలి కదా!

మనకు మేలు టెక్సాస్ దారే. అయితే ఆల్బెర్టా నుంచి మంచి సాగుభూమిని కాపాడే ఆ ఒక్క నిబంధన తెచ్చుకోవాలి, దాన్ని రిఫైనరీకీ సోలార్‌కీ సమానంగా పెట్టాలి. కొత్తగా రాయాల్సింది కూడా లేదు. 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్‌లోనే ఉంది, నీటి వసతితో రెండు మూడు పంటలు పండే భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలని. రిఫైనరీకి తీరం కావాలంటే అర్థం ఉంది. ప్యానెళ్ల ఫ్యాక్టరీకి పోర్టు దగ్గరుంటే సౌకర్యమే, కానీ పంట భూమే కావాలని లేదు. ప్యానెళ్లు పరిచి కరెంటు తీసే పార్కులైతే కనిగిరి, పామూరు మెట్టల్లో కౌలుకు అడగొచ్చు, పట్టా రైతు దగ్గరే ఉంచి. అక్కడ కూడా గొర్రెలు మేపుకునే వాళ్లను అడిగాకే.

ఇసుక నేల కదా, ఏం పండుతుంది అనేవాళ్లు ఒకసారి ఉలవపాడు దాటి తీరం వైపు వచ్చి చూడాలి. పోయిన వేసవిలో నేనొక దొరువు, అంటే ఇసుకలో తవ్విన నీటి గుంట, గట్టున నిలబడ్డాను. నాలుగు మెట్లు దిగితే నీళ్లు, పాదాలకు చల్లగా తగిలాయి. ఒక పెద్దమ్మ కడవ ముంచి తోటకూర మడికి పోస్తోంది, ఆ పక్క మడిలో వేరుశనగ పీకుతున్నారు. ఆమెది కౌలు చేను. భూమి పోతే పరిహారం పట్టా ఉన్నాయనకు వస్తుంది. "సర్వే చేసేవాళ్లు వచ్చినారు నాయనా, గట్టున నిలబడి రాసుకుని పోయినారు. దొరువులోకి ఒక్కరూ దిగలా" అంది.