ఎనిమిదేళ్లు వాడాక: పెరటి తలుపుకి వందకి తొంభై మార్కులు, కెమెరాలకి ముప్ఫై అయిదు

విజయవాడ శివారులో జీ ప్లస్ వన్ ఇల్లు, చుట్టూ అయిదడుగుల ప్రహరీ, వెనక ఖాళీ స్థలాలు. దొంగల భయానికి పెట్టించినవన్నీ ఎనిమిదేళ్లుగా వాడుకలో ఉన్నాయి: గడియలు, గ్రిల్ గేటు, నాలుగు కెమెరాలు, తలుపు సెన్సర్లు, సైరను. ఏది పనికొచ్చేదో, ఏది దండగో ఇప్పుడు చెప్పొచ్చు. ఖర్చు పెట్టిన వరుసే తప్పు. ముందు కెమెరాలకి పెట్టి, పెరటి తలుపుని చివరికి వదిలేశాం. జరగాల్సింది దానికి సరిగ్గా ఎదురు.

వీధి తలుపుకి టేకు, చెక్కడం పని, ఇత్తడి పిడి. పెరటి వైపు 30 మిల్లీమీటర్ల ఫ్లష్ డోరు, ఆరంగుళాల టవర్ బోల్టు. చాలా ఇళ్ళల్లో ఇదే తంతు. వచ్చేవాడు టేకు తలుపు జోలికి ఎందుకొస్తాడు?

పెరటి తలుపుని తన్నితే బోల్టు విరగదు. గుమ్మానికి బిగించిన కన్ను ఊడుతుంది, అంటే బోల్టు పుల్ల దూరే ఆ చిన్న రేకు ముక్క. పొట్లంలో బోల్టుతో పాటు ఇచ్చే స్క్రూలు ముప్పావంగుళం. అవి పట్టుకునేది గుమ్మం పైపొరని మాత్రమే. ఒకటి విప్పి చూడండి. చాలాసార్లు చివర చెక్కపొడి కూడా ఉండదు, వడ్రంగి సుత్తితో కొట్టేసి చివర్లో ఒక్క తిప్పు తిప్పి ఉంటాడు. గుమ్మం వైపు రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయాలి. ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో కంత పెట్టి, స్క్రూకి కాస్త సబ్బు రాస్తే చెక్క చీలదు. తలుపు వైపు మాత్రం పొడుగు స్క్రూ పనికిరాదు, అవతలికి పొడుచుకొస్తుంది. అక్కడ తలుపు మందమంతా దాటి వచ్చే నట్టు బోల్టులే దిక్కు: గుండ్రటి తల బయటికి, వాషరూ నట్టూ లోపలికి. ఇంకో మెలిక ఉంది. ఫ్లష్ డోరులో గట్టి చెక్క ఉండేది అంచుల్లో రెండంగుళాల మేరే, మధ్యలో నాసిరకం ముక్కలు. గడియని అందం కోసం లోపలికి జరిపి బిగిస్తే అది పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

గడియ గట్టిదైనా గుమ్మమే కదిలితే లాభం లేదు. గుమ్మాన్ని గోడకి పట్టి ఉంచేవి హోల్డ్‌ఫాస్టులు, పక్కకి మూడేసి ఉండాలి. మేస్త్రీ రెండుతో సరిపెట్టాడేమో తెలుసుకోవాలంటే తలుపు గడియ పెట్టి భుజంతో నాలుగైదు సార్లు నెట్టాలి. గుమ్మానికీ ప్లాస్టరింగుకీ మధ్య వెంట్రుకవాసి బీట కనిపించి సున్నం రాలితే అక్కడ పని ఉన్నట్టే.

ఇంత చేశాక కూడా అన్నిటికన్నా నమ్మకంగా పనిచేస్తున్నది అడ్డకర్ర. పాత మండువా ఇళ్ళల్లో ఉండేదే. రెండంగుళాలు బై మూడంగుళాల నల్లమద్ది కర్ర, దాన్ని మోసే రెండు ఇనుప కొక్కేలు, ఒక్కోటీ 6 మిల్లీమీటర్ల మందం పట్టీ. కొక్కేన్ని గుమ్మం అంచుకి ఆనుకుని గోడలో బిగిస్తే ఇటుక పగులుతుంది. కనీసం నాలుగంగుళాలు దూరం జరగాలి. ఎర్ర ఇటుకలో ఎక్స్‌పాన్షన్ బోల్టు ఇటుకని లోపల్నుంచి చీల్చి వదులైపోతుంది, కంతలో జిగురు పోసి బిగించే కెమికల్ యాంకరు నిలుస్తుంది. ఎనిమిదేళ్లలో దీనికి బ్యాటరీ మార్చలేదు, యాప్ అప్‌డేటూ అడగలేదు. పెరటి తలుపుకి పది మార్కులు కోసింది ఒకందుకే: రాత్రి ఎవరో ఒకరు గుర్తుంచుకుని వేయాలి.

గ్రిల్ గేటు బాగానే ఉంది, రెండు దిద్దుబాట్ల తర్వాత. మామూలు గేటు కీళ్ళలో కింది ముక్కకి పుల్ల, పై ముక్కకి కంత. కింద గునపం పెట్టి ఎత్తితే తాళం కప్ప తాళంగానే ఉంటుంది, గేటు మొత్తం ఊడి చేతికొస్తుంది. పై కీలు నెత్తిన చిన్న ఇనుప ముక్క వెల్డింగు చేయిస్తే ఇక లేవదు. రెండోది, గడియ చుట్టూ అడుగు మేర రేకు కొట్టించాలి, లేకపోతే కడ్డీల సందులోంచి చెయ్యి పెట్టి తీసేయొచ్చు. బయట వేలాడే తాళం కప్ప అయితే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. ఊరెళ్ళేటప్పుడు గేటుకి లోపలివైపు తాళం పడేలా చేయిస్తే మేలు.

కిటికీల్లో అనుమానించాల్సింది స్నానాలగది వెంటిలేటరు. లూవర్ గాజు పలకలు చేత్తో ఒక్కొక్కటే జారిపోతాయి. వాటి వెనక కడ్డీ లేకపోతే అదొక కంత. యూపీవీసీ జరుపుడు కిటికీ రెక్కని పైకెత్తితే పట్టాలోంచి బయటికొస్తుంది, పై పట్టాలో దిమ్మ పెట్టించాలి. ఇక ఎండాకాలం డాబా మీద పడుకునే ఇళ్ళకి మెట్లగది తలుపే వీధి తలుపు. పైన అందరూ నిద్రలో ఉండగా కింద తీరిగ్గా బీరువా తెరిచే దొంగతనాలు మన దగ్గర కొత్త కాదు.

కెమెరాల సంగతి. నాలుగూ 2 మెగాపిక్సెల్, 2.8 మిల్లీమీటర్ల లెన్సు. వాకిలంతా కనిపిస్తుంది, మొహం మాత్రం తెలియదు. కొత్త మనిషిని పోల్చుకోవాలంటే ఫ్రేములో మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్ళు కావాలి. ఈ లెన్సుతో అది మూడు మీటర్ల దాకానే. గేటు ఏడు మీటర్ల దూరంలో ఉంటే ఆ ఒక్క కెమెరాకీ 6 మిల్లీమీటర్ల లెన్సు తీసుకోవాలి. 2021 డిసెంబరులో ఇటువైపు చెడ్డీ గ్యాంగ్ కలకలం రేగినప్పుడు కాలనీల్లో చాలామంది కెమెరాలు కొన్నారు, ఈ లెక్క అడిగినవాళ్ళు తక్కువ.

రికార్డింగు లెక్క కూడా షాపులో చెప్పినంత రాదు. కెమెరాకి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) పెడితే రోజుకి సుమారు 21.6 జీబీ, నాలుగింటికి 86. ఒక టెరాబైటు డిస్కు పదకొండు రోజులకి నిండి పాతది చెరిపేస్తుంది. రికార్డింగు దాచే డబ్బా, అంటే డీవీఆర్, టీవీ కింద ఉంటే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు, అటక మీద తాళం పెట్టెలో ఉంచాలి. వేడికి పోకుండా పెట్టెకి కంతలు కావాలి. రౌటరూ, ఫైబర్ డబ్బా ఇన్వర్టరు లైను మీద లేకపోతే కరెంటు పోయిన రాత్రి ఫోనుకి ఏ కబురూ రాదు. రాత్రి రెండింటికి వచ్చే అలర్టుల్లో సింహభాగం సాలీడువి. లెన్సు చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పురుగులు, పురుగుల కోసం సాలీడు, దాని కోసం బల్లి. పదిహేను రోజులకోసారి పొడి బ్రష్షుతో దులపాలి. మానేస్తే అలర్టులు చూడటమే మానేస్తాం. అప్పుడు కెమెరా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తలుపు సెన్సర్లు చవక, మెరుగు. తలుపుకి ఉండే అయస్కాంతానికీ గుమ్మానికి ఉండే స్విచ్చికీ మధ్య సందు సెంటీమీటరు లోపు ఉండాలి. వానాకాలం చెక్క ఉబ్బి ఆ సందు పెరిగితే అర్ధరాత్రి సైరను ఊరికే మోగుతుంది. సైరను బ్యాటరీని మూడేళ్లకోసారి మార్చక తప్పలేదు. పండక్కి ఇల్లు తాళం వేసి వెళ్ళేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్ ఉంది. ముందుగా నమోదు చేసుకుంటే వాళ్ళే కెమెరా పెడతారు, కదలిక ఉంటే కబురు కంట్రోల్ రూముకి పోతుంది.

ఇంట్లో ఉండగా ఎవరైనా చొరబడితే వీటన్నిటికన్నా అక్కరకొచ్చేది పడగ్గది తలుపు. దానికీ పెరటి తలుపుకి వేసిన స్క్రూలే, అదే గడియ. లోపల చార్జింగులో ఉన్న ఫోను, టార్చి, వరండా లైట్లకి ఒక స్విచ్చి. పిల్లల్ని అదే గదిలోకి తెచ్చుకుని గడియ పెట్టి 112కి ఫోన్ చేయాలి. ముందు చిరునామా, తర్వాత మిగతా మాటలు. పెప్పర్ స్ప్రే మూసిన గదిలో కొడితే మన కళ్ళే ముందు మండుతాయి, డబ్బా మీద గడువు తేదీ కూడా చూసుకోవాలి. ప్రహరీకి కరెంటు తీగ చుట్టే ఆలోచన అసలే వద్దు. దానికి బలయ్యేది బంతి కోసం గోడెక్కిన పక్కింటి పిల్లాడు కావొచ్చు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడేవాణ్ణి ఎదుర్కొనే సంగతి 41లో ఉంది. అయినా 37 దానికి కళ్ళెం: అవసరానికి మించి హాని కూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే హక్కు వర్తించదు. పట్టుబడి కింద పడ్డవాణ్ణి చితకబాదితే కేసు మన మీదికొస్తుంది.

చివరగా తాళంచెవి. గ్రిల్‌కి లోపల్నుంచి తాళం వేసి చెవి హాల్లో ఎక్కడో పెడితే, వచ్చిన పోలీసులు గేటు బయటే ఆగిపోతారు. గ్యాసు అంటుకున్నా అదే గతి. పడగ్గది కిటికీ వీధి వైపు ఉంటే మారు చెవిని ఆ గదిలోనే, బయటి చెయ్యికి అందనంత దూరంలో మేకుకి తగిలించాలి. రెండడుగుల ఎర్ర రిబ్బను కట్టి ఉంచితే చీకట్లో కిటికీలోంచి విసిరినా కింద వెతుక్కోనక్కర్లేదు.