రీబ్రీదర్‌తో ఆరేళ్లు

షార్జాలో ఉద్యోగం, సెలవొస్తే ఫుజైరా సముద్రం. మామూలు సిలిండర్‌తో రెండొందలకు పైగా డైవ్‌లు చేశాక ఆరేళ్ల క్రితం రీబ్రీదర్ కొన్నాను. ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కారు వచ్చేదని ఇంట్లో ఇప్పటికీ వింటుంటాను. బ్రాండ్ పేరు రాయను, కింద ఫిర్యాదులున్నాయి.

మనం వదిలే ఊపిరిలో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది. మామూలు స్కూబాలో అదంతా బుడగలై పోతుంది. పైగా 30 మీటర్ల లోతులో ఒడ్డు మీదకంటే నాలుగింతల గాలి ఖర్చవుతుంది. రీబ్రీదర్ ఆ ఊపిరిని సోడాలైమ్ గుళికల గుండా పంపి కార్బన్ డయాక్సైడ్ తీసేస్తుంది, ఒంటికి ఖర్చయినంత ఆక్సిజన్ కలిపి మళ్లీ మనకే ఇస్తుంది. ఆ ఖర్చు ఎంత లోతులోనైనా నిమిషానికి లీటరు, అటూ ఇటూగా. అందుకే నా 3 లీటర్ల ఆక్సిజన్ సిలిండర్ గంటన్నర డైవ్‌లో సగం కూడా ఖాళీ కాదు.

మొదటి ఆరు నెలలు దాన్ని తిట్టుకున్నాను. మామూలుగా గాలి పీల్చితే కాస్త పైకి లేస్తాం, వదిలితే దిగుతాం. ఇందులో ఊపిరితిత్తుల్లోంచి పోయిన గాలి వీపు మీది సంచుల్లోకి చేరుతుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. అన్నేళ్ల అలవాటు పోయి, మొదటిరోజు పిల్లాడిలా ఇసుకలో మోకాళ్లమీద పడ్డాను.

తర్వాత డిబ్బా రాక్ అనే చిన్న రాతి దీవి దగ్గర ఒక తాబేలు నా ముఖానికి జానెడు దూరంలో రాతి మీది నాచు పీక్కు తింటూ కనిపించింది. ఆ పీకుతున్న చప్పుడు వినబడింది. అదే తాబేలు, మామూలు సిలిండర్‌తో బుడగలు వదిలే మా మిత్రుడు రాగానే వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి తిట్టడం మానేశాను.

అసలు పిచ్చి మాత్రం ఇంట్లో బల్ల దగ్గర పట్టింది. సోడాలైమ్ రెండున్నర కిలోలు డబ్బాలో కొంచెం కొంచెంగా పోస్తూ, అరచేత్తో పక్కల తడుతూ నింపాలి. ఎక్కడైనా సందు మిగిలిందా, ఊపిరి ఆ సందులోంచే జారుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ నేరుగా మనకే వస్తుంది. తర్వాత సెల్స్, అంటే పీల్చే గాలిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే మూడు సెన్సర్లు. మామూలు గాలిలో 10 మిల్లీవోల్టులు చూపిన సెల్ స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 47, 48 చూపాలి. 40 దగ్గర ఆగితే అది ముసలిదైనట్టే. డైవ్‌కు ముందు ముక్కు మూసుకుని, స్క్రీన్ చూస్తూ ఐదు నిమిషాలు దానితో ఊపిరి తీస్తాను. బోటులో అందరూ విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇక ఫిర్యాదు. మునిగి ఉన్న ఇంచ్‌కేప్ ఓడ దగ్గర 30 మీటర్ల లోతులో సొలినాయిడ్, అంటే ఆక్సిజన్ వదిలే కరెంటు వాల్వు, టిక్ టిక్‌మంటూ ఆగలేదు. సెట్‌పాయింట్, అంటే మెషీన్ నిలబెట్టాల్సిన ఆక్సిజన్ పీడనం, 1.2 బార్. రెండు సెల్స్ 1.15 దగ్గర నిలిచిపోయాయి, మూడోది 1.45 దాటుతోంది. మెషీన్ ఇద్దరి మాటే నమ్మి ఆక్సిజన్ వదులుతూ పోయింది. రెండో సిలిండర్‌లోని మామూలు గాలితో (డైల్యుయెంట్) లూప్‌ను, అంటే ఊపిరి తిరిగే గొట్టాలూ సంచులనూ, కడిగితే మూడూ 0.84కు దిగాయి, అంటే అన్నీ బాగున్నట్టే కనిపించింది. మళ్లీ పెరిగేటప్పుడు ఆ రెండూ మళ్లీ 1.15 దగ్గరే ఆగాయి, అంటే అంతకు మించి చూపలేకపోతున్నాయి, మూడోది చెప్పేదే నిజం. 1.6 దాటితే ఫిట్స్ రావచ్చు, నీళ్లలో వస్తే మునిగిపోతాం. లూప్ మూసేసి, ఆపదకని పక్కన తగిలించుకున్న మామూలు సిలిండర్‌తో (బెయిలౌట్) పైకొచ్చాను. ఆ రెండు సెల్స్ ఒకే బ్యాచ్‌వి, పదహారు నెలలనాటివి. తప్పు సగం నాదే. మిగతా సగం, రెండూ ఒకేసారి ముసలివవుతాయని అమ్మినవాడు ఒక్క మాట చెప్పకపోవడం.

ఏడాదికి ఇరవై డైవ్‌లు కూడా చేయనివాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. చేతి అలవాటు తప్పిపోతుంది, సెల్స్ మాత్రం వాడినా వాడకున్నా ముసలివవుతాయి. బెయిలౌట్ సిలిండర్ బరువని ఒడ్డున వదిలేసే మనస్తత్వం ఉంటే అసలే వద్దు.

నేను ఇప్పుడు మూడు సెల్స్‌నీ వేర్వేరు నెలల్లో కొంటున్నాను. ప్రతి దాని వీపు మీద మార్కర్‌తో తేదీ రాస్తాను. డైవ్ అయ్యాక గొట్టాలు కడిగి బాల్కనీలో బట్టల తీగకు వేస్తాను. వీడియో కాల్‌లో అమ్మ మొన్న కూడా అడిగింది, "ఆ ఏనుగు తొండాలేంట్రా?" అని.